గనిపల్లె గాయకుడు బిల్ విథర్స్
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



అమెరికా దేశమున ఒక బొగ్గుగని పల్లెలో నత్తిగల బాలుడొకడు ఉండెను. నలుగురిలో నోరు విప్పవలసి వచ్చినచో అతనికి మాట పెగలెడిది కాదు. ఆ బాలుడే పెద్దవాడై, విమానములకు మరుగుదొడ్లు అమర్చు కర్మాగారములో పనిచేయుచు, ముప్పదిరెండేండ్ల వయస్సున తన మొదటి పాటల సంపుటమును వెలువరించెను. మరుసటి సంవత్సరమున అతని పాట ఆ దేశమున ప్రథమ స్థానమునకు ఎక్కెను. అటుపిమ్మట కొన్నియేండ్లకు, కంఠము చెడకమునుపే, వినువారు ఇంకను ఉండగనే, అతడు ఆ రంగమును విడిచి ఇంటికి పోయెను. అతని పేరు బిల్ విథర్స్.

గ్రంథాలయపు పండుగలో గాయకుని కథ ఎందుకని ఎవరికైన తోచవచ్చును. గ్రంథాలయము మాటలను భద్రపరచు చోటు. మాటకొరకు పెనగులాడి, మాటను సంపాదించి, దానిని లోకమునకు ఇచ్చి, ఎప్పుడు ఊరకుండవలెనో కూడ ఎరిగిన మనుష్యుని కథ ఇచ్చట చెప్పదగినదే.

ముందుగా అతడు పాడిన గానపద్ధతిని గూర్చి కొంత తెలిసికొనవలెను. ఆంగ్లమున దానిని 'సోల్' అందురు. ఆత్మ అని ఆ పదమునకు అర్థము. ఆఫ్రికా ఖండమునుండి బానిసలుగా తేబడిన నల్లజాతివారు ప్రత్తిచేలలో పనిచేయుచు పాడుకొన్న పాటలు, ఆదివారమునాడు తమ చర్చీలలో చప్పట్లు చరచుచు పాడిన భక్తిగీతములు, కష్టసుఖములు చెప్పుకొను 'బ్లూస్' పాటలు, ఈ మూడును కలిసి 1950 తరువాతి సంవత్సరములలో ఒక క్రొత్త గానమయ్యెను. రే చార్లెస్, శామ్ కుక్ మొదలగువారు భక్తిగీతముల బాణీలో లౌకికమైన ప్రేమను, దుఃఖమును పాడిరి. డెట్రాయిట్ నగరమున 1959లో బెర్రీ గోర్డీ ఆరంభించిన మోటౌన్ సంస్థయు, మెంఫిస్ నగరమందలి స్టాక్స్ సంస్థయు ఈ గానమును దేశమంతట వ్యాపింపజేసెను. అరీతా ఫ్రాంక్లిన్, ఓటిస్ రెడ్డింగ్ వంటివారు పాడునప్పుడు కంఠము ఉప్పొంగి వరదవలె వచ్చెడిది. విథర్స్ కంఠము అట్టిది కాదు. సాయంకాలమున అరుగుమీద కూర్చుండి ప్రక్కవానితో మంచిచెడ్డలు చెప్పుకొనువాని గొంతువలె అది నింపాదిగా ఉండును. అయినను ఆ గానమందలి ఆత్మ అతనిలో తక్కువ లేదు.

అతడు 1938వ సంవత్సరము జూలై 4వ తేదీన వెస్ట్ వర్జీనియా రాష్ట్రములో స్లాబ్ ఫోర్క్ అను చిన్న గనిపల్లెలో జన్మించెను. తలిదండ్రులకు పుట్టిన ఆరుగురు సంతానములో అతడే కడగొట్టువాడు. తండ్రి బొగ్గుగనిలో కూలి. ఆ రాష్ట్రమందలి కొండల నడుమ ఇట్టి పల్లెలు అనేకము లుండెడివి. వానిలో పెక్కింట కార్మికుడు నివసించు ఇల్లు గని యజమానులదే. అతడు ఉప్పు పప్పు కొనుకొను అంగడియు వారిదే. తండ్రి దిగిన గనిలోనికి కొడుకు దిగుట పరిపాటి. తెల్లవారు ఒక వైపున, నల్లవారు ఒక వైపున నివసించెడివారు. పిల్లల బడులు కూడ వేరువేరుగనే ఉండెను. జాతిని బట్టి బడులను వేరుచేయుట చట్టవిరుద్ధమని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1954లో తీర్పు చెప్పునాటికి విథర్స్ బాల్యము ముగియవచ్చెను.

అయినను ఆ పల్లెలో ఒక గుణము కలదు. ఒకరి యింట సరుకు నిండుకొన్నచో ఇంకొక యింటినుండి వచ్చును. ఒకరు మంచము పట్టినచో ఇరుగుపొరుగువారు చూచుకొందురు. ఇది దయ అని అక్కడ ఎవరును అనుకొనలేదు. బ్రదుకుటకు వేరు త్రోవ లేదు, అంతే. ఈ సంగతి పిల్లవాని మనస్సులో నాటుకొని, ముప్పదేండ్లు దాటిన తరువాత పాటగా మొలకెత్తెను.

విథర్స్ పసివాడుగా ఉన్నప్పుడే తలిదండ్రులు వేరుపడిరి. అతడు దగ్గరనున్న బెక్లీ పట్టణమున తల్లి తరఫువారి యొద్ద పెరిగెను. పదుమూడేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆ కాలమున అతనికి ఆశ్రయమైనది అమ్మమ్మ. ఆమె ఆదివారము చర్చికి పోవునప్పుడు మనుమని వెంటబెట్టుకొని పోయెడిది. అక్కడ పాటకు ముందుగా సిద్ధపరచిన క్రమము లేదు. ఎవరికి మనసైనచో వారు ఎత్తుకొందురు, తక్కినవారు చప్పట్లతో అందుకొందురు. ఆమె చేతులు చప్పట్లు చరచుట, కంజిర వంటి వాద్యమును మ్రోగించుట అతడు చూచెను. నత్తిచేత తోటిపిల్లల ఎగతాళికి గురియైన బాలునకు ఆ వృద్ధురాలి యొద్ద భయము లేకుండెను. అతడు సరిగా మాటలాడలేనివాడని ఆమె ఎన్నడును తలంచలేదు. ఎదుటివాడు తనను తక్కువగా చూచునేమో యను భయమే తన నత్తికి మూలమని విథర్స్ పెద్దవాడైన తరువాత గ్రహించెను. ఆ భయము లేని చోట మాట దానంతట అదే వచ్చునని మొదట తెలిపినది ఆ అమ్మమ్మయే.

యౌవనారంభమున అతడు నౌకాదళమున చేరెను. గనిలోనికి దిగకుండుటకు అది ఒక త్రోవ. తొమ్మిది సంవత్సరములు ఆ కొలువు చేసి విమానముల మరమ్మతు నేర్చుకొనెను. నత్తిని చాలవరకు జయించినది కూడ ఆ కాలముననే. ఎదుటివారిని తనకంటె గొప్పవారుగా ఊహించుకొనుట మానవలెనని అతడు తనకు తాను నేర్పుకొనెను. ఈ అభ్యాసము ఒక్కనాటిలో ఫలించునది కాదు. మాట తడబడినప్పుడెల్ల మరల మొదలు పెట్టవలెను. వినువాడు నవ్వినను కోపింపరాదు. పాట వ్రాయుటలో అతడు చూపిన పొదుపునకు ఈ శ్రమయే కారణమని చెప్పవచ్చును. ప్రతి మాటకును వెల యిచ్చి కొన్నవాడు దానిని వృథాగా వెచ్చింపడు.

1965లో నౌకాదళము విడిచినపిమ్మట అతడు కాలిఫోర్నియాలో ఇంటింటికి పాలు వేసెను, కర్మాగారములలో పనిచేసెను. ఆ దినములలో ఓక్లాండ్ నగరమందలి ఒక వినోదశాలకు అతడు పోవుట తటస్థించెను. ఆ రాత్రి పాడవలసినవాడు లూ రాల్స్ అను ప్రసిద్ధ గాయకుడు. అతడు ఆలస్యముగా వచ్చెను. వారమునకు రెండువేల డాలర్లు ఇచ్చుచున్నను వేళకు రాడని ఆ శాల నడుపువాడు విసుగుకొనుట విథర్స్ వినెను. గంటకు మూడు డాలర్ల కూలికి చెమటోడ్చువానికి ఆ మాట ఎట్లు తోచియుండునో చెప్పనక్కరలేదు. అతడు తాకట్టు కొట్టులో అగ్గువకు ఒక గిటారు కొని, దానిమీద వ్రేళ్లు నిలుపుట నేర్చుకొని, పాటలు కట్టుట మొదలుపెట్టెను. ఈ కథను అతడే తరువాత నవ్వుచు చెప్పుకొనెడివాడు. కళాసేవకై పుట్టితినని అతడు ఎన్నడును చెప్పుకొనలేదు.

1967లో అతడు లాస్ ఏంజిలిస్ చేరెను. పగలు వెబర్ అను విమాన సామగ్రి కర్మాగారమున పని. బోయింగ్ 747 అను పెద్ద విమానములలో మరుగుదొడ్లను అమర్చుట ఆ పని. కూలిలో మిగిల్చిన సొమ్ముతో తన పాటలను మచ్చునకు రికార్డు చేయించి కంపెనీల చుట్టు త్రిప్పెను. పెక్కుమంది పట్టించుకొనలేదు. తుదకు ససెక్స్ అను చిన్న రికార్డు సంస్థను నడుపుచున్న క్లారెన్స్ అవాంట్ అతని పాటలు విని ఒప్పుకొనెను. స్టాక్స్ సంస్థలో పేరుపొందిన బూకర్ టి. జోన్స్ ఆ సంపుటమును తీర్చిదిద్దుటకు పూనుకొనెను. రికార్డు చేయు గదిలోనికి అడుగిడిన దినమున విథర్స్ ఎంతో బెదరెను. అచ్చటనున్నవారందరు కాకలుతీరిన వాద్యకారులు. తాను కర్మాగారపు కూలి. తన పాటలను పాడవలసిన గాయకుడు వేరొకడు వచ్చుననియే అతడు అనుకొన్నట్లును, "నీవే పాడవలెను" అని జోన్స్ చెప్పవలసి వచ్చినట్లును చెప్పుదురు.

ఆ సంపుటము 1971లో వెలువడెను. 'జస్ట్ ఆజ్ ఐ యామ్' దాని పేరు. ఉన్నది ఉన్నట్లుగా నేను అని దాని భావము. అట్టమీది ఛాయాచిత్రము కర్మాగారపు మధ్యాహ్న విరామములో తీసినది. విథర్స్ చేతిలో అన్నపు డబ్బా ఉండును. అది వేషము కాదు. ఆ మధ్యాహ్నము అతడు నిజముగా తినవలసిన భోజనమే ఆ డబ్బాలో ఉండెను.

ఆ సంపుటములోని 'ఎయింట్ నో సన్‌షైన్' అను పాట అతని తలరాతను మార్చెను. ప్రియురాలు ఇల్లు విడిచిపోయినచో ఎండయు వెలుగీయదను విరహము అందలి విషయము. త్రాగుడునకు బానిసలైన దంపతుల కథగల ఒక చలనచిత్రమును చూచిన పిమ్మట ఆ భావము అతనికి తోచెను. పాట నడుమ ఒక చరణమునకు మాటలు ఇంకను కుదరలేదు. అందుచేత తాత్కాలికముగా ఒక చిన్నమాటనే 26 సార్లు పాడి, తరువాత చరణము వ్రాయవలెనని అతడు తలంచెను. వాద్యకారులు వలదనిరి, అట్లే ఉండనిమ్మనిరి. తనకంటె అనుభవముగలవారు చెప్పుచున్నారని అతడు విని ఊరకుండెను. బాల్యమున నత్తిచేత ఒకే మాటను పలుమారులు పలికి నవ్వులపాలైనవాడు, పెద్దవాడై ఒకే మాటను 26 సార్లు పాడి లోకమును కంటతడి పెట్టించెను. మొదట ఈ పాటను రికార్డునకు రెండవ వైపున వేసిరి. రేడియోవారు రికార్డును త్రిప్పి దీనినే వినిపించిరి. అమ్మకము పదిలక్షలు దాటెను. అమెరికా పాటల పట్టికలో ఇది మూడవ స్థానము నందుకొనెను. 1972లో దానికి గ్రామీ బహుమతి లభించెను. అమ్మకము పదిలక్షలు దాటిన సందర్భమున అతని సంస్థవారు పరిహాసముగా బంగారు పూతగల మరుగుదొడ్డి పీటను అతనికి బహూకరించిరి. అతడును నవ్వుచు స్వీకరించెను. తన పనిని గూర్చి సిగ్గుపడువాడైనచో అట్లు నవ్వియుండడు.

ఇంతటి పేరు వచ్చుచున్నను అతడు వెంటనే ఉద్యోగము విడువలేదు. పాటల వ్యాపారము నీటిబుడగవంటిదని అతని నమ్మకము. కర్మాగారమువారు పని తగ్గి కొంతకాలము కూలీలను నిలిపివేసినప్పుడు అతడును ఇంటనుండెను. అప్పుడు ఒకేదినమున రెండు జాబులు వచ్చినవని అతడు చెప్పెను. ఒకటి మరల పనిలో చేరుమని కర్మాగారము వ్రాసినది. రెండవది దేశమంతయు చూచు టెలివిజన్ కార్యక్రమమున పాడుటకు రమ్మని పిలిచినది. రెండింటిలో ఏది ఎంచుకొనవలెనో ఆలోచింపవలసిన స్థితి కూలివానికి జీవితములో ఒక్కమారు వచ్చినను గొప్పయే.

అదే సంపుటములో అమ్మమ్మ చేతులను గూర్చిన పాట కలదు. 'గ్రాండ్మాస్ హాండ్స్' అని దాని పేరు. రెండు నిమిషములకు మించని ఆ పాటలో అమ్మమ్మ ముఖము లేదు, పేరు లేదు, ఉపదేశము లేదు. చేతులు మాత్రమే కలవు. అవి చర్చిలో చప్పట్లు చరచును. తప్పుచేసిన పిల్లవానిని దెబ్బనుండి కాచును. ఊరిలో పెండ్లికాని తల్లికి ఓదార్పు నిచ్చును. వార్ధక్యమున వాచి నొప్పిపెట్టును. ఇంత చిన్న చోటులో ఒక జీవితమును ఇమిడ్చుట మహాకవులకైన సులభము కాదు. ప్రేమను గూర్చి పాడినవారు వేలకొలది కలరు. అమ్మమ్మను గూర్చి పాడినవారు ఎందరు?

మరుసటి యేట, అనగా 1972లో, 'స్టిల్ బిల్' అను రెండవ సంపుటము వెలువడెను. అతడు క్రొత్తగా ఒక విద్యుత్ పియానో కొని, దానిమీద వ్రేళ్లను ప్రక్కప్రక్క మెట్లమీద పైకిని క్రిందికిని నడిపించుచుండగా ఒక వరుస పుట్టెను. హార్మోనియము నేర్చుకొను పిల్లవాడు మొదటి దినమున స, రి, గ, మ అని ఎక్కి, మ, గ, రి, స అని దిగును గదా! ఇంచుమించుగా అదే ఆ వరుస. ఆ నడకకు తగిన మాటలకై వెదకుచుండగా అతనికి స్లాబ్ ఫోర్క్ జ్ఞప్తికి వచ్చెను. మహానగరమున గోడకు గోడ ఆనియున్న ఇండ్లలో ఉండియు ఒకరి మొగము ఒకరెరుగని బ్రదుకు చూచినవానికి, ఒకరింటి బరువు ఇంకొకరు మోయు పల్లె గుర్తుకు వచ్చుట సహజమే. అట్లు పుట్టినదే 'లీన్ ఆన్ మీ' అను పాట. నాపై ఆనుకొనుము అని దాని అర్థము.

ఆ పాటకు మూలమైన అనుభవముగా విథర్స్ మరియొక ముచ్చట చెప్పెను. అతడు అలబామా రాష్ట్రమున కారు నడుపుకొనుచు పోవుచుండగా చక్రము పగిలెను. నల్లవారికి ఆ ప్రాంతము ఆ కాలమున క్షేమకరమైనది కాదు. ఇంతలో తెల్లజాతి పల్లెటూరివాడొకడు మిట్ట దిగి వచ్చెను. వాని వాలకము చూచి విథర్స్ గుండె జల్లుమనెను. వచ్చినవాడు కారును చూచి, ఏమియు అనక వచ్చిన త్రోవనే తిరిగిపోయెను. కొంతసేపటికి భుజముమీద ఒక చక్రముతో వచ్చి, దానిని తానే బిగించి ఇచ్చెను. ద్వేషమునకు పేరుమోసిన నేలమీద ఒక మనుష్యుడు మనుష్యునకు ఆసరా యగుట ఇట్టిది. ఈ పాటలో ఉపకారము చేయువాడు గొప్పవాడుగా కనబడడు. నేడు నీకు నేను, రేపు నాకు నీవు అనునదే దాని ధర్మము. బలము గలవాడే చేయి చాచి అడుగుటకు సిగ్గుపడును. ఆ సిగ్గును విడువుమని ఆ పాట మెల్లగా చెప్పును. 1972 జూలై మాసమున అది అమెరికాలో ప్రథమ స్థానమున మూడు వారములు నిలిచెను.

ఆ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన న్యూయార్క్ నగరమందలి ప్రసిద్ధమైన కార్నెగీ హాలులో అతడు కచేరి చేసెను. ఆ కచేరి 1973లో రికార్డుగా వెలువడెను. అందు ఒక పాట వియత్నాం యుద్ధమున కుడిచేయి పోగొట్టుకొన్న యువకునిది. ఎడమచేతితో వ్రాయుట చేతకాక, తల్లికి జాబు వ్రాసిపెట్టుమని ఇంకొకరిని ఆ యువకుడు వేడుకొనును. యుద్ధము తగునా తగదా అను వాదము ఆ పాటలో లేదు. జాబు వ్రాయలేని చేయి మాత్రమే కలదు. విథర్స్ ఎప్పుడును పెద్ద సంగతిని చిన్న వస్తువుతో చెప్పెను. 1974లో ఆఫ్రికాలోని జైర్ దేశపు రాజధాని కిన్షాసాలో జరిగిన గొప్ప సంగీతోత్సవమునకు జేమ్స్ బ్రౌన్, బి.బి. కింగ్ మొదలగువారితో కలిసి అతడును పోయి, పూర్వులు సంకెళ్లతో విడిచిన ఖండముమీద గిటారుతో ఒంటరిగా కూర్చుండి పాడెను.

ఇంతవరకు అభ్యుదయము. ఇక చిక్కులు. ససెక్స్ సంస్థతో అతనికి తగవులు వచ్చెను. ఆ సంస్థయు 1975లో మూతపడెను. అతడు కొలంబియా అను పెద్ద సంస్థకు మారెను. 1977లో వెలువడిన 'లవ్‌లీ డే' అను పాటలో ఒకే స్వరమును దాదాపు 18 క్షణములు ఊపిరి తీయక నిలిపి అందరిని ఆశ్చర్యపరచెను. 1981లో గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ అను వాద్యకారునితో కలిసి పాడిన 'జస్ట్ ది టూ ఆఫ్ అస్' రెండవ స్థానము నందుకొని అతనికి ఇంకొక గ్రామీ బహుమతిని తెచ్చెను. కాని సంస్థలోని అధికారులకు, అతనికి పొసగలేదు. నల్లవారు ఏమి పాడిన అమ్ముడుపోవునో తమకే తెలియునని తలంచు సలహాదారులు అతనికి పాఠములు చెప్పవచ్చిరి. ఇతరులు పాడి పేరుపొందిన పాటను మరల పాడుమనిరి. సొంత పాటలు వ్రాయగలవానికి అంతకంటె అవమానము లేదు. అతడు వ్రాసిన క్రొత్త పాటలు వెలుగు చూడక సంవత్సరములు గడచెను. 1985లో వచ్చిన సంపుటమే అతని కడపటిది.

అప్పటికి అతని వయస్సు నలుబదియేడేండ్లు. తక్కినవారైనచో రాజీపడుదురు, లేదా వ్యసనములపాలై కృశింతురు. అతడు రెండును చేయలేదు. ఇంటికి పోయెను. భార్య, ఇరువురు బిడ్డలు ఉండిరి. కొయ్యపని, ఇండ్ల మరమ్మతు అతనికి చేతనైన విద్యలు. తనకు పాటలు రాకముందు ముప్పదిరెండేండ్ల జీవితము కలదనియు, ఆ జీవితమునకు తిరిగిపోవుటకు భయములేదనియు అతని భావము. గొప్పవాడుగా ఉండుట ఒక్కటే తెలిసినవాడు ఆ గొప్ప పోగానే నిలువలేడు. చేతిపని తెలిసినవాడు నిలుచును.

ఇచ్చట ఒక వ్యవహారపు సంగతి కూడ తెలియవలెను. అమెరికాలో రేడియోలో పాట మ్రోగినప్పుడు ఆ పాట వ్రాసినవానికి ప్రతిఫలము ముట్టును, పాడినవానికి ముట్టదు. మరియొకరు ఆ పాటను పాడి రికార్డు చేసినను వ్రాసినవానికి హక్కు కలదు. విథర్స్ తన పాటలను తానే వ్రాసెను. అతని భార్య ఆ హక్కుల వ్యవహారమును శ్రద్ధతో చూచుకొనెను. 'ఎయింట్ నో సన్‌షైన్' పాటను 1972లోనే బాలగాయకుడైన మైకేల్ జాక్సన్ పాడెను. 'లీన్ ఆన్ మీ' పాటను 1987లో క్లబ్ నూవో అను బృందము క్రొత్తబాణీలో పాడగా అది మరల ప్రథమ స్థానమున నిలిచి, రచయితయైన విథర్స్‌కు మూడవ గ్రామీ బహుమతిని ఇచ్చెను. అమ్మమ్మ చేతుల పాటలోని కూనిరాగమును 1996లో బ్లాక్‌స్ట్రీట్ బృందము తమ పాటకు పునాదిగా తీసికొనెను. కలము పట్టినవాడు గృహమున కూర్చుండియు ఎవరికిని తలవంచక బ్రదుకగలిగెను. అక్షరము అన్నము పెట్టుననుటకు ఇంతకంటె తార్కాణము వేరేల?

అతనిని గూర్చి 2009లో ఒక జీవితచిత్రము వెలువడెను. అందు అతడు నత్తిగల పిల్లలతో కూర్చుండి వారి మాటలు, పాటలు వినుట కనబడును. వారు మాట ముగించువరకు అతడు తొందరపెట్టడు. సగము మాటను తాను అందించడు. ఆ పిల్లలు ఏమి భరించుచున్నారో అక్కడనున్నవారిలో అతనికి తెలిసినట్లు వేరెవరికి తెలియును? వినుచుండగా అతని కండ్లు చెమర్చినవి. 2015లో ప్రసిద్ధ గాయకులకు అమెరికావారు ఇచ్చు గౌరవస్థానమున అతనిని చేర్చిరి. అంధుడైన మహాగాయకుడు స్టీవీ వండర్ అతనిని సభకు పరిచయము చేసి అతని పాటను పాడెను. ముప్పదేండ్లు మౌనముగా ఉన్నవానిని లోకము మరువలేదు.

విథర్స్ 2020 మార్చి 30వ తేదీన లాస్ ఏంజిలిస్‌లో గుండెజబ్బుచేత మరణించెను. వయస్సు ఎనుబదియొకటి. అది కరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టిన కాలము. జనులు ఇండ్లు విడిచి బయటికి రాకూడదు. చావునకును పెండ్లికిని నలుగురు కూడరాదు. అట్టి దినములలో పలుచోట్ల ప్రజలు కిటికీలయొద్దను, వాకిండ్లలోను నిలిచి ఆ స-రి-గ-మ పాటను పాడుకొనిరి. ఆసుపత్రులలో అలసిన వైద్యులకు, పరిచారికలకు దానిని వినిపించిరి. ఒకరినొకరు తాకరాని కాలమున, నాపై ఆనుకొనుము అను పాట జనుల నోట నిలిచెను. దానిని వ్రాసినవాడు అదే మాసమున వెడలిపోయెను.

ఈ జీవితమునుండి పిల్లలు నేర్వదగినవి రెండు కలవు. నోరు తిరుగని పిల్లవానిని చూచి నవ్వరాదనునది మొదటిది. వానిలో ఏమున్నదో నవ్వువానికి తెలియదు. ఆలస్యమైనదని ఆగరాదనునది రెండవది. ముప్పదియేండ్లకు దగ్గరపడిన వయస్సున తాకట్టు కొట్టులో గిటారు కొన్నవాడు లోకమునకు పాట నిచ్చెను. పెద్దలు నేర్వదగినది ఒకటి కలదు. ఆసరా అడుగుట అవమానము కాదు. ఇచ్చుట గొప్పయును కాదు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్నను ఆ ధర్మముచేతనే. ఒకరు కొనలేని పుస్తకమును పదిమంది చందాలు కలిసి కొనెను. నేడు ఒకరు చదివి తిరిగి తెచ్చిననే రేపు ఇంకొకరికి అది అందును. పుస్తకము పుచ్చుకొన్నవారు గడువు దాటకుండ తెచ్చి యిచ్చెదరుగాక! చదువురాని ముసలివారికి చదువు వచ్చిన పిల్లలు సాయంకాలము ఒక పుట చదివి వినిపించెదరుగాక! ఆ ముసలివారి చేతులను గూర్చి ఆ పిల్లలలో ఎవరో ఒకనాడు వ్రాయుదురు. ఆ పుస్తకమునకు కూడ ఈ బీరువాలో చోటుండవలెను.